చదరపు అడుగు సరదా

పాలు, కూరలు, గ్యాస్ ఖర్చులు రాసే పుస్తకం మా ఇంట్లో ఒకటుంది. ఆ మధ్య దాని చివరి పేజీ తిరగేస్తే పైన 'తోలు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. మా ఆవిడ దస్తూరీ. ఎడమవైపు ఎనిమిది నెలల్లో నేను కొన్నవన్నీ వరసగా ఉన్నాయి. కుడివైపు నేను తయారుచేసినవి... ఒక పర్సు, ఒకటిన్నర బెల్టు. (అర బెల్టేమిటని తొందరపడకండి, చెబుతాను.) అడుగున మొత్తాన్ని రెండున్నరతో భాగించి, వచ్చిన అంకె చుట్టూ సున్నా చుట్టింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఇంటిగుట్టు.

"ఖాళీ పర్సు కుట్టడానికి నిండు పర్సు ఖాళీ చేసినవాళ్లు మీరొక్కరే" అంది.

నిజమే. ఒకరు బోన్సాయ్ పెంచుతారు, ఒకరు ఫొటోలు తీస్తారు. నాకు తోలుపని పట్టుకుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి చేత్తో ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది కదా! అందరూ చేసే తప్పే నేనూ చేశాను. తోలు కొనకముందే పనిముట్ల పెట్టె కొన్నాను. అందులో యాభై రకాలున్నాయి. ఇప్పటికీ నేను వాడుతున్నవి ఐదు... పదునైన కత్తి, స్టీలు స్కేలు, ఆరె, రెండు సూదులు, కుట్టు కుట్టుకూ సమానదూరంలో బెజ్జాలు వేసే ఫోర్కు. మిగతావి చూడ్డానికి బాగుంటాయి.

మాది కోటబొమ్మాళి. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దగ్గర. ఆ పేరు వినగానే చాలామందికి కోడికూర గుర్తొస్తుంది. 2023లో సినిమా వచ్చాక పోలీస్ స్టేషన్ కూడా గుర్తొస్తోంది. నాకు మాత్రం ఆ రోజుల్లో సంత గుర్తొచ్చింది. మా మండలంలోని నారాయణవలసలో పశువుల సంత జరుగుతుంది. ఇన్ని పశువులున్నచోట తోలు చవగ్గా దొరక్కపోతుందా అనుకున్నాను. కొత్తమ్మతల్లి జాతరకి వెళ్లినప్పుడు వాకబు చేశాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. పచ్చిచర్మం వేరు, తోలు వేరు! పచ్చిచర్మానికి వెంటనే ఉప్పు పట్టించకపోతే కుళ్లిపోతుంది. అక్కణ్ణుంచి సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, ఊనితేగానీ అది తోలు అవదు. ఒకప్పుడు ఆ పని ఊళ్లలోనే తంగేడు చెక్కతో, కరక్కాయతో వారాలకొద్దీ చేసేవారు. తంగేడు చెక్కతో ఊనిన మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్లు ఈస్ట్ ఇండియా తోళ్లన్న పేరుతో ఓడలెక్కాయి. ఇప్పుడు ఎక్కువభాగం క్రోమియం లవణాలతో ఊనుతున్నారు, పని గంటల్లో అయిపోతుంది. ఆ కర్మాగారాలు తమిళనాడులో రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి వైపు ఎక్కువ. తోలు పరిశోధనకు కేంద్ర సంస్థ కూడా 1948 నుంచి చెన్నైలోనే ఉంది. మన సంతలో పశువు తోలై మనదాకా రావాలంటే రాష్ట్రం దాటి రావాల్సిందేనన్నమాట. దారిఖర్చులు ధరలో కలవకుండా ఉంటాయా?

చవక కోసం ఇంకో దారి తొక్కాను. కిలోల లెక్కన తోలుముక్కలు అమ్ముతామంటే పోస్టులో తెప్పించాను. ఎవరి దగ్గరన్నది వద్దులెండి. మూట విప్పితే అరచేతికి మించిన ముక్క ఒక్కటి లేదు. సగం కాగితమంత పలచన. తప్పు నాదీ ఉంది. ముక్క కనీసం ఎంతుంటుంది, మందం ఎన్ని మిల్లీమీటర్లు అని అడగలేదు. పర్సుకు ఒక మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ చాలు. బెల్టుకు మూడు, నాలుగు కావాలి. ఈ రెండు ప్రశ్నలు అడగనివాడికి కిలో ధర ఎంత తక్కువైనా ఎక్కువే.

ఇక అర బెల్టు కథ. తోలంతా ఒకటే అనుకుని పొట్టభాగంలోంచి పొడుగ్గా కోశాను. పశువు వెన్నువైపు తోలు బిగువుగా ఉంటుంది, పొట్టవైపుది సాగుతుంది. నెలరోజులు కట్టుకునేసరికి నా బెల్టు నాకంటే వేగంగా లావెక్కింది! మొదట రెండు బెజ్జాలు కొత్తగా వేశాను. తర్వాత కోసేశాను. అదే అర. పొట్టముక్క చవగ్గా వస్తే కొనండి, తప్పులేదు. తాళాల గుత్తికీ, కళ్లజోడు సంచికీ పనికొస్తుంది. దాంతో నడుం మాత్రం బిగించకండి.

జాతరకి వెళ్లినప్పుడే నా చెప్పు తెగింది. బస్సులాగేచోట చెట్టుకింద చెప్పులు కుట్టే తాత ఒకాయన కూర్చుని ఉన్నాడు. ముందు ఓ మూడుకాళ్ల ఇనుపదిమ్మె, పక్కన నీళ్లడబ్బా, గోనెసంచి. అంతే సరంజామా. చెప్పు కుట్టేలోగా గొప్పగా నా సంచిలోని తోలు తీసి చూపించాను. ఆయన దాన్ని మెచ్చుకోలేదు. నేను కోసిన చోటు వేలితో తడిమాడు.

"ఏటి బావూ, నడిమద్దిని కోసీసినావు? సుట్టూ ఉన్నదంతా ఏటి సేస్తావు?"

నిజానికి నా ఎనిమిది నెలల ఖర్చుకు కారణం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పర్సు అట్ట ఒకచోట కోశాను. మర్నాడు లోపలి అరలు గుర్తొచ్చి ఇంకోచోట కోశాను. ఆ రెంటి మధ్యా ఎందుకూ పనికిరాని ముక్క మిగిలింది. అడుగు తోలు వంద రూపాయలనుకుందాం. రెండడుగులు పాడుచేస్తే, అడుగుకు పది రూపాయలు తగ్గించిన కొట్టు కోసం ఊరంతా తిరిగి ఏం లాభం?

ఆయన చెప్పు అడుగు వేసేటప్పుడు చూశాను. ముక్కను తోలుమీద పెట్టి నాలుగువైపులా తిప్పాడు. కోయలేదు. మళ్లీ తిప్పాడు. "పెద్ద ముక్క ఎక్కడ కూకుంటాదో ముందు సూడాల. సిన్నవి ఏ మూలో ఇరుక్కుంటాయి" అన్నాడు.

ఇంటికొచ్చాక పాత క్యాలెండర్ అట్టలతో లెక్కవేశాను. మీకూ పనికొస్తుంది, రాసుకోండి. మడతపర్సు బయటి అట్ట 24 సెంటీమీటర్ల పొడవు, తొమ్మిదిన్నర వెడల్పు. లోపలి అట్ట 23కి 9. కార్డుల అరలు నాలుగు, ఒక్కొక్కటి పదిన్నరకు 7. చదరపు అడుగు ముక్క అంటే సుమారు 30కి 30. పైన బయటి అట్ట, దానికింద లోపలి అట్ట అడ్డంగా పెట్టండి. ఎత్తు పద్దెనిమిదిన్నర అయింది. వాటికింద నాలుగు అరల్నీ నిలువుగా పక్కపక్కనే పెడితే వెడల్పు 28, ఎత్తు పదిన్నర. మొత్తం ఎత్తు 29. సరిపోయింది! అట్టల పక్కన 6 సెంటీమీటర్ల పట్టీ ఒకటి మిగిలింది కూడా. నేను అంతకుముందు ఇదే పర్సుకు రెండున్నర అడుగులు ఖర్చుపెట్టాను.

అట్టతో మొదట నమూనా పర్సు చేసి, కార్డులు పెట్టి చూసుకుని, అప్పుడు తోలుమీద కత్తి పెట్టండి. అట్ట పాడైతే పోయేదేమీ లేదు. దారం కుట్టు పొడవుకు నాలుగు రెట్లు తీసుకుంటే మధ్యలో అతుకులు పడవు. రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టే చేతికుట్టులో ఒకచోట దారం తెగినా మిగతాది ఊడిరాదు. మిషన్ కుట్టుకి ఆ గుణం తక్కువ. తోలుపొడిని జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ జోలికి మాత్రం పోకండి. కొన్నాళ్లకు పొరలు పొరలుగా లేస్తుంది. మీ పని కూడా దాంతోపాటే పోతుంది.

చెప్పు కుట్టి తాత ముప్పై అడిగాడు. నేను ఇరవై అన్నాను.

అన్నాకే గుర్తొచ్చింది. యాభై పనిముట్ల పెట్టెకు నేను ఒక్క రూపాయి బేరమాడలేదు. పోస్టులో వచ్చిన చెత్తముక్కలకు డెలివరీ చార్జీ కూడా కట్టాను. మా స్నేహితుడొకడు నా పర్సు చూసి ధరెంత అనడిగితే తోలు, దారం, జిగురు లెక్కగట్టి చెప్పాను. నా శ్రమకి సున్నా. సరదాకి చేసేవాడు ఆ సున్నా వేసుకోవచ్చు, వాడికి జీతం వేరేచోట వస్తుంది. తాత దగ్గర అమ్మడానికున్నది శ్రమ ఒక్కటే. మనం బేరమాడేదీ దానికే. తోలు ముట్టారన్న వంకతో తరాలపాటు ఊరిచివర ఉంచిన ఇంటివాళ్ల పని ఇది. అదే పని మనం చేస్తే హాబీ! చెప్పులు కుట్టేవాడి సేవకు దేశం మొత్తం బాకీపడిందని జాషువా 1941లోనే 'గబ్బిలం'లో లెక్క తేల్చారు. ముప్పై ఇచ్చాను. పది రూపాయలకి అంతకు మించి పెద్దమనసు చూపించుకోవడానికేమీ లేదు.

సంచిలో ముక్కలు కూడా ఇచ్చేశాను. ఆయన అన్నీ ఏరి చూసి, బొటనవేలి పట్టీలకు పనికొచ్చేవి తీసుకున్నాడు. ఓ పొడుగాటి ముక్క వెనక్కిచ్చాడు.

"ఇది దాసుకో బావూ. తాళాల గుత్తికి వస్తాది."

మా ఆవిడ పుస్తకంలో ఇప్పుడు కుడివైపు ఓ కొత్త గడి వచ్చింది. పైన 'మిగిలినవి' అని రాసింది. మొదటి వరసలో... పట్టీ ముక్క ఒకటి.