గెలిచిన పక్షమే గడప దాటింది

అమెరికాలోని షార్లెట్ నగరంలో సమావేశమైన యునైటెడ్ మెథడిస్టు సంఘపు మహాసభ, స్వలింగ ప్రేమికులు బోధకులుగా అభిషేకం పొందరాదన్న 40 ఏళ్ళ నిషేధాన్ని 2024 మే 1న తొలగించింది. అనుకూలంగా 692 ఓట్లు, ప్రతికూలంగా 51 ఓట్లు పడ్డాయి. దానిపై సభలో చర్చ కూడా జరగలేదు. ఇదే మహాసభ 2019 ఫిబ్రవరిలో సెయింట్ లూయీ నగరంలో ప్రత్యేకంగా సమావేశమైనప్పుడు, అదే నిషేధాన్ని 438 – 384 ఓట్లతో నిలబెట్టి, ఉల్లంఘించిన వారికి శిక్షలను కఠినతరం చేసింది. ఐదేళ్ళలో లక్షలాది విశ్వాసుల మనసు మారిందని చెప్పడం సులభం. వాస్తవం వేరు. మారినది ప్రధానంగా మనసులు కావు, సభలో కూర్చున్న మనుషులు. 2019లో గెలిచిన పక్షంలో పెద్ద భాగం 2024 నాటికి సంఘాన్ని వదలి వెళ్ళిపోయింది. గెలిచినవారు ఎందుకు వెళ్ళారన్నదే ఈ వివాదంలో అసలు ప్రశ్న.

చీలిక మెథడిస్టులకు కొత్తది కాదు. బానిసత్వం విషయమై 1844లో అమెరికా మెథడిస్టులు ఉత్తర, దక్షిణ సంఘాలుగా విడిపోయారు. మళ్ళీ ఒకటి కావడానికి 1939 వరకు పట్టింది. 1968లో మరొక సంఘంతో కలసి యునైటెడ్ మెథడిస్టు సంఘంగా ఏర్పడ్డారు. ఆ తరువాత నాలుగేళ్ళకే, 1972లో అట్లాంటాలో జరిగిన మహాసభ, స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు పొసగదన్న వాక్యాన్ని తన సామాజిక సూత్రాలలో చేర్చింది. ఆ సంబంధాన్ని బహిరంగంగా ఒప్పుకొని జీవిస్తున్న వారికి అభిషేకం ఇవ్వరాదని 1984లో నిబంధన వచ్చింది. అటువంటి జంటల వివాహాలను బోధకులు జరిపించరాదని 1996లో మరొక నిబంధన తోడయింది.

కాగితం మీది ఈ నిబంధనలు మనుషుల బ్రతుకులను తాకాయి. ఫిలడెల్ఫియాలో సేవ చేస్తున్న బెత్ స్ట్రౌడ్ అనే బోధకురాలు తాను మరొక స్త్రీతో కలసి జీవిస్తున్నట్టు తన సంఘస్థులకు స్వయంగా తెలియజేసింది. సంఘ న్యాయస్థానం 2004లో ఆమె బోధకత్వాన్ని తీసివేసింది. పెన్సిల్వేనియాకే చెందిన ఫ్రాంక్ షేఫర్ అనే బోధకుడు తన కుమారుడికి మరొక పురుషునితో 2007లో వివాహం జరిపించాడు. అందుకు 2013 డిసెంబరులో ఆయన పదవి పోయింది, అప్పీలు మీద 2014లో తిరిగి లభించింది. తండ్రిగా చేసిన పనికి బోధకుడిగా శిక్ష పడవచ్చునా అన్న ప్రశ్న ఆనాడు ప్రార్థనాలయాల ఆవరణ దాటి వినిపించింది.

ఇరుపక్షాల వాదాలలోనూ బలమున్నది. నిషేధాన్ని సమర్థించినవారు లేవీయకాండాన్నీ, రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయాన్నీ ఆధారంగా చూపారు. కాలానికి తగినట్టు వాక్యాన్ని వంచితే రేపు దేనిని వంచకుండా ఉంటారని అడిగారు. వ్యతిరేకించినవారు, బానిసత్వాన్ని కూడా ఒకనాడు వాక్యంతోనే సమర్థించారని గుర్తుచేశారు. స్త్రీలకు బోధకులుగా పూర్తి హక్కులు 1956లో ఇచ్చినప్పుడు కూడా సంఘం వాక్యాన్ని కొత్తగా చదివిందని వాదించారు. ఉభయులు తెరచినది ఒకే గ్రంథం. దానిని చదివే అధికారం ఎవరిదన్న దగ్గరే తగవు వచ్చింది.

ఆ అధికారం ఓట్ల చేతికి వెళ్ళింది. యునైటెడ్ మెథడిస్టు సంఘం ఒక్క అమెరికాది కాదు. ఆఫ్రికాలో, ఫిలిప్పీన్సులో, ఐరోపాలో దానికి శాఖలున్నాయి. 2019 సభలోని ప్రతినిధులలో సుమారు 30 శాతం ఆఫ్రికావారు. వారిలో అత్యధికుల మద్దతు లేనిదే నిషేధం నిలిచేది కాదు. అమెరికా ప్రతినిధులలో అధికులు దానిని వ్యతిరేకించారని అంచనా. తీర్మానం నెగ్గింది గాని, అమెరికాలోని అనేక ప్రాంతీయ సభలు దానిని అమలు చేయబోమని బాహాటంగానే ప్రకటించాయి. 2016లోనే పశ్చిమ ప్రాంతంవారు కరెన్ ఒలివెటో అనే స్వలింగ ప్రేమికురాలిని బిషప్పుగా ఎన్నుకొన్నారు. చట్టం చేతిలో ఉండి, అమలు చేతిలో లేని విజయం అది. అందుకే గెలిచినవారు వెళ్ళే దారి వెదికారు.

ఆ దారి కూడా 2019 సభ తెరచినదే. మెథడిస్టు నియమావళి ప్రకారం స్థానిక మందిరం, దాని స్థలం మొత్తం సంఘం పేరిట ధర్మకర్తృత్వంలో ఉంటాయి. ఊరివారు చందాలు వేసి కట్టుకొన్నా, విడిపోతే వెంట తీసుకుపోయే వీలు లేదు. కొత్త నిబంధన 2023 డిసెంబరు 31 వరకు ఒక మినహాయింపు ఇచ్చింది. ఓటు వేసిన సభ్యులలో మూడింట రెండు వంతులు కోరితే, రెండేళ్ళ వంతు సొమ్ము, బోధకుల పింఛను బాధ్యతకు తగిన మొత్తం చెల్లించి, ఆస్తితో సహా వెళ్ళవచ్చు. అమెరికాలో 7,600కు పైగా స్థానిక సంఘాలు ఈ విధంగా వెళ్ళాయి. ఇది అక్కడి మొత్తం సంఘాలలో దాదాపు నాలుగవ వంతు. వాటిలో అనేకం 2022 మే 1న ఆరంభమైన గ్లోబల్ మెథడిస్టు సంఘంలో చేరాయి.

ఈ లెక్క ఒక చిన్న ఊరిలో ఎలా పనిచేస్తుందో చూస్తే నష్టం అర్థమవుతుంది. ఒక మందిరంలో నూరుగురు ఓటు వేస్తే, 66 మంది వెళ్దామన్నా వెళ్ళలేరు. 67 మంది అయితే మందిరమే వెళ్ళిపోతుంది, మిగిలిన 33 మంది తమ తల్లిదండ్రులను సమాధి చేసిన ఆవరణలో పరాయివారవుతారు. ఒక్క ఓటుతో ఒక కుటుంబం రెండు మందిరాల పాలు కావచ్చు. బల్ల మీదికి వచ్చిన ప్రశ్న స్వలింగ ప్రేమికులది, పంపకానికి వచ్చినది ఊరి మందిరం.

షార్లెట్ సభ తరువాత కూడా చీలిక ఆగలేదు. పది లక్షలకు పైగా సభ్యులున్న ఐవరీ కోస్టు శాఖ 2024 మే నెలలోనే విడిపోవడానికి నిర్ణయించింది. నైజీరియా శాఖలోనూ చీలిక వచ్చింది. ఆఫ్రికాలోని పలు దేశాలలో స్వలింగ సంపర్కం ఇప్పటికీ నేరం. అమెరికాలో చేసిన తీర్మానానికి తమ ఊళ్ళలో సంజాయిషీ చెప్పుకోవలసి రావడం అక్కడి బోధకులకు నిజమైన ఇబ్బంది. దీనికి మందుగా, ఏ ప్రాంతం తన నియమాలను తానే చేసుకొనే వీలు కల్పించే రాజ్యాంగ సవరణలను మహాసభ ఆమోదించగా, ప్రాంతీయ సభల ఆమోదం 2025లో పూర్తయింది. స్వలింగ వివాహం జరిపించమని ఏ బోధకుణ్ణీ బలవంతపెట్టరాదన్న రక్షణ కూడా 2024 నిర్ణయాలలో ఉన్నది.

ఈ పరిణామాలు బీదరు, జహీరాబాదు, వికారాబాదు ప్రాంతాల మెథడిస్టు కుటుంబాలలో సందేహాలు కలిగించడం సహజం. అక్కడి సంఘాలకు పునాది వేసినది అమెరికా మెథడిస్టు మిషనరీలే. అయితే భారతదేశపు మెథడిస్టు సంఘం 1981లో స్వతంత్ర సంఘమైంది. షార్లెట్ తీర్మానం దానిని బంధించదు. మెదకు ప్రాంతంలో ఇంగ్లాండు వెస్లియన్ మిషను నాటిన సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. వాటి నియమాలను నిర్ణయించేది ఆ సంఘపు సినడే. దేశ చట్టం విషయానికి వస్తే, వయోజనుల పరస్పర సమ్మతితో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. అటువంటి వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి 2023లో నిరాకరించింది.

కనుక ఈ ప్రశ్న ఇక్కడి సంఘాల ముందుకు వచ్చేనాడు దానికి జవాబును ఇక్కడే వెదకాలి. అమెరికా అనుభవం ఒక హెచ్చరికను మాత్రం ఇస్తున్నది. 53 శాతం ఓట్లతో నిలిచిన నిషేధం ఎవరినీ ఒప్పించలేకపోయింది. 93 శాతం ఓట్లతో వచ్చిన మార్పు వెనుక ఏడున్నర వేల మందిరాల నిష్క్రమణ ఉన్నది. బెత్ స్ట్రౌడ్‌కు ఆమె బోధకత్వం 2024 మే నెలలో తిరిగి దక్కింది. మధ్యలో పోయిన 20 సంవత్సరాలను తిరిగి ఇవ్వగల ఓటు ఏ సభలోనూ లేదు.