ఏకముఖమా? ఏకాంతరమా?

ఏకాంతర విద్యుత్తు గెలిచినది, ఏకముఖ విద్యుత్తు ఓడినది అని మన విద్యార్థులు ఏటేటా పరీక్షలలో వ్రాస్తూనే ఉన్నారు. అందుకు మార్కులు లభించవచ్చును గాని, మా దృష్టిలో అది సగం సత్యం. రొయ్యల చెరువుల నడుమ నివసించే మనకు ఆ సగం సత్యం ప్రమాదకరం కూడా.

బ్యాటరీ నుండి వెలువడే ప్రవాహం ఒకే దిశలో సాగుతుంది. మన ఇండ్లకు వచ్చే ప్రవాహం సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తిచేస్తూ నూరుసార్లు దిశ మార్చుకొంటుంది. 1882లో ఎడిసన్ న్యూయార్క్‌లోని పెరల్ వీధిలో స్థాపించిన కేంద్రం ఏకముఖ విద్యుత్తును చుట్టుపక్కల వీధులకే అందించగలిగినది. ఏకాంతర విద్యుత్తుకు ట్రాన్స్‌ఫార్మర్ తోడైనది. వోల్టేజిని పదిరెట్లు పెంచితే అదే సామర్థ్యానికి ప్రవాహం పదవ వంతు చాలును. తీగలో వేడిమిగా పోయే నష్టం నూరవ వంతుకు దిగుతుంది. 1896లో నయాగరా విద్యుత్తు బఫెలో నగరం చేరినది ఈ సూత్రం వల్లనే. పాఠ్యపుస్తకంలోని కథ సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది.

మన గోదావరి కథ అక్కడ ముగియలేదు. సీలేరు నీరు శబరిలో కలిసి, శబరి గోదావరిలో కలిసి, ధవళేశ్వరం దాటి దాళ్వా పంటకు మన కాలువలలోనికి వస్తుంది. ఆ నీరు దారిలో దిగువ సీలేరు కేంద్రపు యంత్రాలను త్రిప్పి వస్తున్నదని మనలో ఎందరికి తెలియును? ఆ దిగువ సీలేరు నుండి బార్సూరుకు 1989లో 200 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్ మార్గాన్ని ప్రయోగాత్మకంగా నడిపినారు. 1999లో విశాఖపట్టణం గాజువాకలో తూర్పు, దక్షిణ విద్యుత్ వలయాలను కలిపినదీ ఏకముఖ విద్యుత్తే. ఆనాడు ఆ రెండు వలయాల లయలు వేరు; నేరుగా కలుపుటకు వీలులేదు. దక్షిణ వలయం దేశంలోని మిగిలిన వలయంతో ఏకలయలో కలిసినది 2013 డిసెంబరు 31న మాత్రమే. ఓడిపోయినదన్న విద్యుత్తు ఇంత పని చేసినది!

ఇప్పుడది మన మేడలమీదికి సౌరఫలకాల రూపంలో వచ్చినది. "డి.సి. కొట్టదు" అనే మాట మాత్రం ఇంకా వినబడుతూనే ఉన్నది. పన్నెండు వోల్టుల బ్యాటరీని పొడిచేతితో తాకిన అనుభవం నుండి పుట్టిన మాట అది. వరుసగా కలిపిన ఫలకాలలో వందల వోల్టులు ఉంటాయి. ఎండ ఉన్నంతవరకు వాటిని ఆర్పుట సాధ్యం కాదు. పైగా ఏకాంతర ప్రవాహం దిశ మారే ప్రతిసారి శూన్యానికి వస్తుంది గనుక స్విచ్చిలో పుట్టిన నిప్పురవ్వ ఆరిపోతుంది. ఏకముఖ ప్రవాహానికి ఆ విరామం లేదు. ఇంటి గోడకు బిగించే సాధారణ స్విచ్చిని ఫలకాల తీగకు పెడితే ఆ నిప్పు ఆరక అంటుకోవచ్చును.

చెరువుగట్టున ప్రమాదం వేరు. ఏరేటర్లకు వెళ్ళేది ఏకాంతర విద్యుత్తు. 50 ఆవర్తనాల ప్రవాహం చేతి కండరాలను బిగించివేస్తుంది. పట్టిన తీగను వదలలేరు. అదే పరిమాణంలోని ఏకముఖ ప్రవాహం కంటె గుండెలయను సులభంగా చెదరగొట్టగలదు. తడిసిన కాళ్ళు, అతుకుల తీగ, భూసంధానం లేని మోటారు — ఇక చెప్పనేల!

కావున కళాశాల సంఘం వారికి మా విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక సౌరఫలకం, ఏకముఖ విద్యుత్తుకై నిర్మించిన ఒక బ్రేకర్, ఒక ఎర్త్ లీకేజి బ్రేకర్ కొనవలెను. ఖర్చు వార్షికోత్సవపు షామియానాకు మించదని మా అంచనా. చెరువులమీద పనిచేసేవారి బిడ్డలు మన తరగతులలోనే ఉన్నారు. తెలుగులోను ఉర్దూలోను అచ్చువేసిన ఒక చిన్న కరపత్రం వారి చేతికిచ్చి, వేసవి సెలవులకు ముందే ఇండ్లకు పంపవచ్చును.