సైరన్ రెండు నిమిషాలు, భయం నాలుగు రోజులు

2025 మే 7, బుధవారం. సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. ఇంటర్న్‌షిప్ కోసం అప్పుడు నేను రాయదుర్గంలో ఒక పీజీలో ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకా సైరన్ వినపడలేదు. చెవుల్లో హెడ్‌ఫోన్స్, కింద ట్రాఫిక్, పక్కన కడుతున్న టవర్ చప్పుడు. సైరన్ మోగిందని ఐదు నిమిషాల తర్వాత వాట్సాప్ గ్రూప్‌లో చూసి తెలుసుకున్నాను.

అది 'ఆపరేషన్ అభ్యాస్'. దేశవ్యాప్తంగా 244 సివిల్ డిఫెన్స్ జిల్లాల్లో మాక్ డ్రిల్ చెయ్యమని కేంద్ర హోం శాఖ ఆదేశించింది. 1971 తర్వాత ఈ స్థాయిలో జరగడం అదే మొదటిసారి. ఆ లిస్టులో హైదరాబాద్ ఉంది, విశాఖపట్నం ఉంది. మన దగ్గర సికింద్రాబాద్ కంటోన్మెంట్, గోల్కొండ, కంచన్‌బాగ్ డీఆర్‌డీఓ, మౌలాలి ఎన్‌ఎఫ్‌సీ దగ్గర డ్రిల్ చేశారు. అదే రోజు తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అంటే పొద్దున లేచేసరికి దాడి వార్త, సాయంత్రానికి డ్రిల్. రెండింటికీ మధ్య మాకు ఆఫీసు, స్టాండప్ కాల్, లంచ్‌లో సాంబారు రైస్.

ఈ వ్యాసం ఆ యుద్ధం గురించి కాదు. ఎవరు గెలిచారు, ఎన్ని విమానాలు కూలాయి అని తేల్చే జ్ఞానం నాకు లేదు. ఆ నాలుగు రోజులు మనం, అంటే ఇరవై ఏళ్ళ చదువుకున్న కుర్రాళ్ళం, ఎలా ప్రవర్తించామన్నదే నా బాధ.

మా రూములో ముగ్గురం. ఒకడిది శ్రీకాకుళం జిల్లా. వాళ్ళన్నయ్య ఆర్మీలో ఉన్నాడు, అప్పుడు జమ్మూ వైపు పోస్టింగ్. ఏడో తారీఖు నుంచి వాడి ఫోన్ వాడి చేతిలోంచి దిగలేదు. గంటకోసారి వాళ్ళమ్మ ఫోన్ చేసేది. 'అన్నయ్య చేశాడేట్రా?' 'లేదమ్మా.' 'టీవీలో ఏదో సెప్తన్నారు, సూసేవా?' 'సూడకమ్మా, ఆపేయి.' అంతే సంభాషణ.

ఎనిమిదో తారీఖు రాత్రి గుర్తుందా? మన నేవీ కరాచీ పోర్టును ధ్వంసం చేసిందని టీవీ ఛానెళ్ళు ఊదరగొట్టాయి. మా పీజీ హాల్లో పాతికమంది, ఐపీఎల్ ఫైనల్ చూస్తున్నట్టు ఈలలు. తెల్లారేసరికి ఆ పోర్టు అలాగే ఉంది. మా గ్రూపుల్లో తిరిగిన మిస్సైల్ వీడియోల్లో కొన్ని 'ఆర్మా 3' అనే వీడియో గేమ్‌లోవి. మనలో సగం మంది గేమర్లమే కదా, గుర్తుపట్టలేకపోయామా? గుర్తుపట్టాలనుకోలేదు. ఆ ఈలల మధ్యలోంచి మా రూమ్మేట్ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఈలవేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అది రాయకుండా ఈ వ్యాసం రాస్తే అబద్ధమవుతుంది.

భయపడటం తప్పు కాదు. ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని చంపేశారు. చనిపోయిన వాళ్ళలో విశాఖ మనిషి ఉన్నారు, కావలి మనిషి ఉన్నారు, హైదరాబాద్‌లో పనిచేసే ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి ఉన్నారు. సెలవులకి భార్యాపిల్లలతో వెళ్ళిన మామూలు మనుషులు. కోపం రాకపోతే మనం మనుషులమే కాదు. దానికి జవాబు చెప్పాలని దేశం అనుకోవడంలోనూ తప్పు లేదు. కానీ కోపం వేరు, వినోదం వేరు. మనం కోపంతో మొదలుపెట్టి ఎక్కడో దారిలో వినోదంలోకి జారిపోయాం.

ఎందుకు జారిపోయామో ఆలోచిస్తే నాకొకటి అనిపించింది. భయానికి చెయ్యడానికి ఏదో ఒక పని కావాలి. 1971 డిసెంబర్‌లో విశాఖ తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయినప్పుడు మా రూమ్మేట్ నానమ్మ ఆ ఊళ్ళోనే ఉన్నారట. కిటికీలకు నల్ల కాగితాలు అంటించడం, చీకటి పడకముందే వంట ముగించడం, పిల్లల్ని ఇంట్లోకి లాగడం, రేడియో వార్తల టైముకి పక్కింటికి వెళ్ళడం. భయం ఉంది, దాంతోపాటు చేతినిండా పని ఉంది. వార్తకీ వార్తకీ మధ్య నిశ్శబ్దం కూడా ఉంది. మనకి నల్ల కాగితం అంటించే పని లేదు, నిశ్శబ్దం అసలే లేదు. ఉన్నదల్లా ఫార్వర్డ్ బటన్. అది నొక్కితే ఏదో చేసినట్టు ఉంటుంది. అందుకే నొక్కాం.

ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని ఒక మెసేజ్ వచ్చింది. అబద్ధమని ప్రభుత్వం చెప్పేలోపే మా పీజీలో నలుగురు వెళ్ళి డబ్బులు తెచ్చుకున్నారు. 'డ్యాన్స్ ఆఫ్ ది హిల్లరీ' అనే వీడియో తెరిస్తే ఫోన్ మొత్తం పోతుందని ఇంకొకటి. ఏళ్ళ నాటి పాత పుకారు అది, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది. దాన్ని మా గ్రూపులో పెట్టింది ఎవరో తెలుసా? సైబర్ సెక్యూరిటీలో మైనర్ చేస్తున్న మా సీనియర్! ఇంటర్మీడియట్ కూడా చదవని మా అమ్మ 'ఇది నిజమేనా నాన్నా?' అని నన్ను అడిగింది. ఆయన ఎవర్నీ అడగలేదు. తేడా చదువులో లేదు, అడగడంలో ఉంది.

పుకారు ఫోన్‌లోనే ఆగిపోతే సరే అనుకోవచ్చు. ఆగదు. మన ఊరి కరాచీ బేకరీ సంగతి చూడండి. దేశ విభజనలో కరాచీ వదిలేసి వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టుకున్న దుకాణం అది. పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నారు. ఆ మే నెలలో పేరు మార్చమని గొడవ చేశారు, శంషాబాద్ బ్రాంచి బోర్డు మీద దాడి చేశారు. బోర్డర్లో ఉన్న ఏ శత్రువుకి తగిలింది ఆ దెబ్బ? ఊరికి వెళ్ళేటప్పుడు మనం కొనుక్కెళ్ళే ఫ్రూట్ బిస్కెట్ డబ్బాకి తగిలింది.

పదో తారీఖు సాయంత్రం ఐదింటి నుంచి కాల్పుల విరమణ అన్నారు. అదే సాయంత్రం మనకి కూతవేటు దూరంలో, గచ్చిబౌలి స్టేడియంలో, మిస్ వరల్డ్ పోటీలు మొదలయ్యాయి. మా రూమ్మేట్ మంచం మీద కూర్చుని ఏడ్చాడు. గ్రూపులో మాత్రం 'అప్పుడే ఆపేశారా?' అని నిరాశ. విరమణ ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని, చివరికి ఆయన కూతురిని కూడా సోషల్ మీడియాలో తిట్టిపోశారు. నిర్ణయం ఆయనది కాదు, చదివి వినిపించడం ఆయన ఉద్యోగం. సిరీస్ మధ్యలో ఆగిపోయిందన్న చిరాకు తప్ప అందులో దేశభక్తి నాకు కనపడలేదు.

దానికి ముందు రోజే, తొమ్మిదిన, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కళ్ళితండా కుర్రాడు మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణం ఇచ్చాడు. అగ్నివీర్. ఇంచుమించు మన వయసు. మనం బ్యాక్‌లాగ్ లెక్కపెట్టుకునే వయసులో అతను నియంత్రణ రేఖ దగ్గర ఉన్నాడు. పూంచ్‌లో షెల్స్ పడి ఇళ్ళలో ఉన్న సామాన్యులు, పిల్లలతో సహా, చనిపోయారు. 'అప్పుడే ఆపేశారా' అన్న మాట ఆ ఇళ్ళ ముందు నిలబడి అనగలమా? అనలేని మాట గ్రూపులో మాత్రం ఎందుకు రాయాలి?

'నువ్వు మెతకవాడివిరా, ఇలాంటి మాటలు జవాన్ల ధైర్యాన్ని తగ్గిస్తాయి' అన్నాడు మా మూడో రూమ్మేట్. ఆలోచించాల్సిన మాటే. జనం తమ వెనక ఉన్నారని జవాన్లకి తెలియాలి, నిజం. కానీ వెనక ఉండటమంటే ఏమిటి? మన ఊళ్ళో కంచన్‌బాగ్‌లో పనిచేసే ఇంజినీర్లు ఉన్నారు. ఆ రోజుల్లో పేరు మోగిపోయిన ఆకాశ్ మిస్సైల్‌ని తయారుచేసే భారత్ డైనమిక్స్ హైదరాబాద్‌దే. వెనక ఉండటమంటే అదీ. పంజాబ్, జమ్మూ కశ్మీర్‌లలో చదువుతున్న మన తెలుగు విద్యార్థులు పెట్టెలు సర్దుకుని ఢిల్లీ చేరితే, తెలంగాణ భవన్‌లో కంట్రోల్ రూమ్ పెట్టి అన్నం, పడక చూసి ఇళ్ళకి పంపారు. అదీ వెనక ఉండటమే. కరాచీ పోర్టు కూలిందని అబద్ధం పంచుకోవడం మాత్రం కాదు. అబద్ధం మీద నిలబడిన ధైర్యం తెల్లారేసరికి దిగిపోతుంది.

ఇది ఒక్కసారితో పోయేదీ కాదు. సరిగ్గా నెల తిరిగాక, జూన్‌లో, ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకున్నాయి. ఈసారి జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్ళల్లో ఫోన్లు మోగాయి, గల్ఫ్‌లో ఉన్న నాన్నల కోసం. మన క్లాసులోనే అలాంటి ఇళ్ళ పిల్లలు ఎందరో. ఎక్కడ యుద్ధం వచ్చినా దాని చివర ఒక తెలుగు ఇల్లు ఉంటోంది.

అందుకే భయానికి పని ఇద్దాం అంటున్నాను. ఒకటి: ఉద్రిక్తత ఉన్న రోజుల్లో ఏ వార్తనైనా అరగంట ఆపి, రెండు నమ్మకమైన చోట్ల చూసి, అప్పుడు పంచుకుందాం. అరగంట ఆలస్యమైతే మన ఫార్వర్డ్ కోసం దేశం ఆగిపోదు. రెండు: ఎక్కుతూ దిగుతూ మోగే సైరన్ అంటే ప్రమాదం, ఒకే స్థాయిలో మోగితే ప్రమాదం తప్పిందని. ఆ రోజు మా ఫ్లోర్‌లో ఎవరికీ ఇది తెలియదు. రాయదుర్గం అంటేనే అద్దాల ఊరు. ప్రమాద సైరన్ వస్తే అద్దాలకి దూరంగా, లోపలి గోడల వైపు వెళ్ళాలి. మనమేమో కిటికీ దగ్గరికి పరిగెత్తి వీడియో తీస్తాం. సెమిస్టర్‌కి ఒక అరగంట కాలేజీలో డ్రిల్, ఫస్ట్ ఎయిడ్ నేర్పితే ఫ్రెషర్స్ డే ఏమీ తగ్గిపోదు. మూడు: గ్రూపులో ఏదైనా రాసేముందు, సరిహద్దులో అన్నయ్య ఉన్నవాడు ఒకడు చదువుతున్నాడని గుర్తుపెట్టుకుందాం.

మా రూమ్మేట్ అన్నయ్య పదకొండో తారీఖు పొద్దున్నే ఫోన్ చేశాడు. వాడు స్పీకర్లో పెట్టాడు. ఆయన యుద్ధం సంగతి ఒక్క ముక్క మాట్లాడలేదు. 'అమ్మ మందులు ఏసుకుంటందా? నీ ఫీజు కట్టేవా?' అని అడిగాడు. మేమిద్దరం, ఈలలు వేసిన వాళ్ళం, కిక్కురుమనకుండా విన్నాం.