కోత లేదంటే చింత లేనట్టేనా?

ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవారికి ‘ఎంబోలైజేషన్’ చికిత్స చేస్తామంటూ ఈ మధ్య ప్రకటనలు ఎక్కువయ్యాయి. ‘కోత లేదు, కుట్టు లేదు, సాయంత్రానికి ఇంటికి వెళ్లవచ్చు’ అంటారు. అది అబద్ధం కాదు. కానీ సగం నిజం చెప్పి రోగి చేత సంతకం పెట్టించుకోవడాన్ని వైద్యమని నేను అనలేను. మిగిలిన సగం కూడా మీకు తెలియాలి.

తొడ వద్దగాని, మణికట్టు వద్దగాని ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, ఎక్స్‌రే తెరపై చూస్తూ గ్రంథికి రక్తాన్ని అందించే ధమనుల వరకు చేరుస్తారు. అర మిల్లీమీటరుకు మించని పూసలను వదిలి వాటిని మూసివేస్తారు. రక్తం అందక గ్రంథి నెలల కాలంలో క్రమంగా కుంచించుకుపోతుంది. పూర్తి మత్తు అక్కరలేదు. బ్రిటన్‌లోని ‘నైస్’ సంస్థ 2018లో ఈ పద్ధతికి సమ్మతి తెలిపింది.

మరి చెప్పనిదేమిటి? స్విట్జర్లాండ్ వైద్యులు దీనిని, మూత్రమార్గం గుండా గ్రంథిలో అడ్డుపడే భాగాన్ని తొలగించే టి.యు.ఆర్.పి. శస్త్రచికిత్సతో పోల్చి చూశారు. ఎంబోలైజేషన్‌లో దుష్ఫలితాలు తక్కువ. అయితే మూత్రధార మెరుగుపడటంలో శస్త్రచికిత్సదే పైచేయి. పైగా ఎంబోలైజేషన్ చేయించుకున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి రెండేళ్లలోపే ఆ శస్త్రచికిత్స అవసరమైంది. నేను చూసిన ఏ ప్రకటనలోనూ ఈ మాట లేదు.

తప్పు ఒకవైపే లేదు. మత్తును తట్టుకోలేని హృద్రోగికి, రక్తం పలుచబడే మందులు మానలేని వృద్ధునికి ఈ చికిత్స వరం కావచ్చు. అటువంటివారికి ఈ మార్గం ఒకటుందని కూడా చెప్పని శస్త్రవైద్యులున్నారు. అదీ అన్యాయమే.

అసలు చాలామందికి ఈ రెండూ అక్కరలేదు. టామ్సులోసిన్ వంటి మాత్రలు, పడుకునే ముందు నీరు, టీ తగ్గించడం సరిపోతాయి. మూత్రం పూర్తిగా నిలిచిపోయినప్పుడు, మూత్రపిండాలు దెబ్బతింటున్నప్పుడు మాత్రం జాప్యం తగదు.

కాబట్టి సంతకానికి ముందు అడగండి. మూత్రధార వేగాన్ని కొలిచారా? పి.ఎస్.ఎ. రక్తపరీక్ష, వేలి పరీక్ష చేసి క్యాన్సర్ అనుమానం లేదని తేల్చారా? మాత్రలు తగినంత కాలం వాడి చూశామా? ఫలితం లేకపోతే రెండోసారి ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట చికిత్సకు ఒప్పుకోకండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల యూరాలజీ విభాగాల్లో టి.యు.ఆర్.పి. ఉచితంగా చేస్తారు. పొలం తాకట్టు పెట్టేముందు అక్కడికి వెళ్లి ఒక మాట అడగడం నామోషీ కాదు.