గుండెపోటును చూడలేని గడియారం

చేతికున్న వాచీ గుండె లయ తప్పిందని హెచ్చరించి ఒకరి ప్రాణం కాపాడిందన్న వార్త తరచూ చదువుతుంటాం. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈసీజీ తీసే ఆపిల్ వాచీ తనంత తానే ఒక విషయం ఒప్పుకుంటుంది: గుండెపోటును తాను గుర్తించలేనని. వార్తల్లో ఆ మాట మాత్రం ఉండదు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. వాచీ తీసేది ఒక్క లీడు ఈసీజీ, అంటే గుండెను ఒకే కోణం నుంచి చూసేది. ఒక చేతి మణికట్టుకూ రెండో చేతి వేలికీ మధ్య నడిచే విద్యుత్తును బట్టి లయ చెబుతుంది. గుండె కండరంలో ఏ భాగానికి రక్తం ఆగిందో తెలియాలంటే ఛాతీ మీద ఆరు, కాళ్లకూ చేతులకూ నాలుగు ఎలక్ట్రోడ్లు పెట్టి 12 లీడ్ల ఈసీజీ తీయాల్సిందే.

గుండె లయను ఆస్పత్రి బయట నమోదు చేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1940ల చివర్లో అమెరికాలోని మోంటానాలో నార్మన్ హోల్టర్ అందుకోసం వీపున మోసిన యంత్రం సుమారు 38 కిలోలు. ఇప్పుడది ఛాతీకి అంటించే ప్యాచ్‌లో ఇమిడిపోయింది. దడ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కారణం తెలియని పక్షవాతం ఉన్నవారికి ఇలాంటి పరికరాలు ఎంతో అవసరం. ఏ బాధా లేనివారి సంగతే వేరు. వాచీ ఇచ్చే లయ హెచ్చరికలపై ఆపిల్ చేయించిన అధ్యయనంలో 4,19,297 మంది చేరితే హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికి. చేరినవారిలో సగానికి పైగా నలభై ఏళ్లలోపువారు మరి! డెన్మార్క్‌లో 70 దాటి, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి చర్మం కింద రికార్డరే అమర్చి చూశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పడం) మామూలుకన్నా రెండున్నర రెట్లు ఎక్కువగా బయటపడింది, రక్తం పలచబరిచే మందుల వాడకం పెరిగింది. పక్షవాతాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గినట్టు 2021లో వెలువడ్డ ఫలితాల్లో తేలలేదు.

దీని పక్కన తమిళనాడును పెట్టి చూడాలి. అక్కడ చిన్న ఆస్పత్రుల్లో ఈసీజీ తీసి పెద్ద ఆస్పత్రి కార్డియాలజిస్టుకు పంపే వ్యవస్థ కట్టారు. 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం గుండెపోటు వచ్చినవారిలో ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. బతికించింది పరికరం ఒక్కటే కాదు. ఈసీజీ వెనకాల చదివే డాక్టరు, గడ్డ కరిగించే ఇంజెక్షను, అంబులెన్సు సిద్ధంగా ఉన్నాయి.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ దారి పట్టాయి. గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నాయి. చిక్కంతా రోగి అక్కడికి చేరకముందే ఉంది. ఛాతీ పట్టేస్తే మనం మొదట అనుకునేది గ్యాసని. సోడా తాగుతాం, వాము నములుతాం, తెల్లారాక చూద్దామంటాం. ఇంజెక్షన్ పనిచేసే విలువైన గంటలు అలాగే కరిగిపోతాయి. అందుకే ప్రభుత్వం సొమ్ము పెట్టాల్సింది ఊరికి దగ్గరగా, 108 వాహనంలోనూ పీహెచ్‌సీలోనూ, అరచేతిలో పట్టే 12 లీడ్ల యంత్రాల మీద.

ఇంకో మాట, చాలామందికి రుచించనిది. రాత్రి పదకొండింటికి ఊళ్లో తలుపు తట్టేది వైద్య డిగ్రీ లేని ఆర్‌ఎంపీ ఇంటినే. ఆయన చేతికి ఈసీజీ యంత్రమిస్తే వైద్యుల సంఘాలు అభ్యంతరం చెబుతాయి. అది అకారణం కాదు. కానీ తీసి పంపడం వరకే, సూది మాత్రం పట్టకూడదన్న షరతుతో ఒక్క జిల్లాలో ప్రయత్నించి, నొప్పి మొదలయ్యాక ఈసీజీ తీసేదాకా పట్టే వ్యవధి ఎంత తగ్గిందో లెక్క తీయవచ్చు.