‘హిమ్’ అనవలెనా, ‘హిజ్’ అనవలెనా?

మా పై తరగతుల బాలురు ఆంగ్లవ్యాసములయందు ‘ఐ డిడ్ నాట్ లైక్ హిమ్ గోయింగ్’ అని వ్రాయుదురు. ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరాతో ‘హిమ్’ను కొట్టివేసి ‘హిజ్’ అని దిద్ది, ఒక మార్కు తగ్గింతురు. కారణము చెప్పువారు తక్కువ.

ఇచ్చట ‘గోయింగ్’ అనునది క్రియవలెఁ గనఁబడు నామవాచకము. నాకు నచ్చనిది అతఁడు కాదు, అతని పోక. పోక యెవరిది? అతనిది. కావున షష్ఠీవిభక్తి రావలెను. ‘ఐ సా హిమ్ గోయింగ్’ అన్నచో నేను చూచినది అతనినే. అచ్చట ‘హిమ్’ అనుటయే ఒప్పు.

బాలుర పొరపాటునకు మూలము మన తెలుఁగులోనే కలదని నా యభిప్రాయము. మనము ‘అతని పోక’ యనియు, ‘అతఁడు పోవుట’ యనియు రెండు విధముల నందుము. రెండవదానియందు షష్ఠి లేదు. బాలుఁడు ‘పోవుట’ను మనస్సున నుంచుకొని వ్రాయును గనుక తప్పును. ‘పోక’ను తలఁచుకొమ్మని చెప్పిచూడుఁడు, సూత్రము వల్లె వేయించుటకంటె నిది త్వరగాఁ బట్టుపడును.

అయినను మార్కు తగ్గించుట నాకు సమ్మతము కాదు. 1926వ సంవత్సరమున ఫౌలర్ తన ప్రయోగనిఘంటువునందు షష్ఠి లేని రూపమును గట్టిగా ఖండించెను. ఆ యేఁటనే డెన్మార్కు పండితుఁడు యెస్పర్సెన్, పేరుగల ఆంగ్లగ్రంథకర్తల వ్రాఁతలనుండియే యుదాహరణములు చూపి, ఆయన మాటను కాదనెను. ‘వెనుక బల్లమీఁది బాలుఁడు మాటలాడుట’ వంటి పొడవైన పదములకు షష్ఠిని తగిలించుట ఆంగ్లేయులకే యెబ్బెట్టు. అంతటివారు వాదులాడుకొనిన చోట పదునాలుగేండ్ల బాలునికి దండన యేల? దిద్దుఁడు, హేతువు చెప్పుఁడు. మార్కును మాత్రము ఉండనిండు.