ఇత్తడి గుండీకి వీరుని పేరా?

పల్నాటి మట్టిలో ఏది దొరకినను అది వీరులదే యనుట మనకు అలవాటైపోయినది. కారెంపూడి వీరులగుడిలో ఆయుధములకు నేటికిని పూజ జరుగుచున్న సీమలో ఈ మమకారము సహజమే. కాని చేలలోను, పాతకోటల దాపునను దొరకిన సిపాయి గుండీని, టోపీబిళ్లను చేతబట్టి, "ఇది బ్రహ్మనాయని నాటి ముద్ర", "ఇది కన్నెగంటి హనుమంతుపై తుపాకి పేల్చినవాని గుండీ" అని వెలకట్టువాడు వీరభక్తుడు కాడు. వీరుల పేరు అమ్ముకొను వర్తకుడు.

ఆ బిళ్ల మూగది కాదు. న్యాయస్థానమున సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నించినచో అది సమాధానము చెప్పును. కిరీటమును పట్టుకొని నిలిచిన సింహమున్నచో అది ఈస్టిండియా కంపెనీ చిహ్నము. 1858లో కంపెనీ పరిపాలన ముగిసినది. విక్టోరియా నాటి కిరీటపు కమానులు సాధారణముగ నడుమ నొక్కుకొని యుండును. 1901 తరువాతి రాజుల కిరీటము గుమ్మటమువలె ఉబ్బియుండును. అంకెయు సాక్ష్యమే. 1903లో మద్రాసు పటాలముల సంఖ్యలకు అరువది కలిపిరి. అంతవరకు 13వదియైన మద్రాసు పటాలము 73వ కర్ణాటిక్ పటాలమైనది. 1922 నాటి పునర్విభజనలో ఆ సంఖ్యయు పోయినది. కావున 73 అను అంకెయు, కర్ణాటిక్ అను పేరును గల బిళ్ల 1903కు ముందుది కాజాలదు. పండ్రెండవ శతాబ్ది వీరులకు దానితో ఏమి సంబంధము?

హనుమంతుని మాట మరింత జాగ్రత్తగ విచారింపవలసినది. పుల్లరి కట్టమని ఎదురునిలిచిన ఆ ధీరుడు 1922 ఫిబ్రవరిలో మించాలపాడున పోలీసుకాల్పులలో నేలకొరిగెను. గుమ్మటపు కిరీటము 1901 మొదలు వాడుకలో నుండెను. 1950 జనవరి 26న రిపబ్లికు ఏర్పడినప్పుడు మన సైనికచిహ్నములలో దాని స్థానమును అశోకుని సింహములు పొందినవి. ఈ అర్ధశతాబ్దిలో ఏ యేటిదైనను కావచ్చు బిళ్లను 1922కే ముడిపెట్టుట ఎట్లు? అది పోలీసుదో సైన్యముదో తేల్చినవారెవరు? పైగా చిహ్నము అది ఎప్పటికి పూర్వముది కాదో చెప్పునే గాని, ఎవడు ధరించెనో, ఎన్నడు పారవేసెనో చెప్పదు. ఆ ధీరుని త్యాగమునకు ఇత్తడిముక్క సాక్ష్యము అక్కరలేదు. దొంగసాక్ష్యము తోడైనచో నిజమునకే మచ్చ.

"దాస్యచిహ్నములకు ఇంత విచారణ యేల? కరగించి చెంబు పోయించరాదా?" అని కొందరందురు. సిపాయి వేషమును చిన్నవిషయ మనుకొనువారు 1806 జూలై 10ని తలచుకొనవలెను. క్రొత్త తలపాగాను, దాని తోలుకుచ్చును బలవంతముగ పెట్టించి, నొసటి బొట్టును, చెవిపోగులను తీయించుటచేతనే గదా వేలూరు కోటలో మద్రాసు సిపాయిలు తిరుగబడిరి! ఆ నెలలోనే హైదరాబాదు పటాలములలోను అలజడి రేగగా అచటి అధికారులు ఆ యుత్తరువును విరమించుకొనవలసి వచ్చెను. ఉత్తరహిందూస్థానమున ఐరోపా వేషము ధరించిన సిపాయిని 'తిలంగా' యని పిలిచిరి. అది మన తెలుగువాని పేరే. పరుల జీతమునకు పోరాడిన ఆ పేదల పేర్లు ఏ శిలపైనను లేవు. వారి బ్రతుకునకు మిగిలిన ఆనవాలు ఈ గుండీయే. దానిని కరగించుటయు, దానికి కట్టుకథ తగిలించుటయు ఒక్కటే పాపము.

కావున పాతవస్తువుల వేడుకగల యువకులకు మా హెచ్చరిక యిది. దొరకిన బిళ్లను చింతపండుతో తోమకుడు, అక్షరములు అరిగిపోవును. ఏ యూరిలో, ఏ పొలమున, ఎంతలోతున దొరకినదో ఆనాడే వ్రాసియుంచుడు. చోటు తెలియని బిళ్ల తూకపు ఇత్తడితో సమానము. పదిరూపాయలకు మించిన వెలగల పాతర దొరకినచో కలెక్టరుకు వ్రాతమూలముగ తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినదని మరువకుడు.

2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగ పల్నాడు జిల్లా ఏర్పడినది. పేరు వచ్చినది; చరిత్రను కాపాడు పూచీయు వచ్చినది. నరసరావుపేట, మాచర్ల, గురజాల పఠనమందిరములు ఒక్కొక్క పుస్తకము తెరచి, దొరకిన ప్రతివస్తువును చోటుతో, తేదీతో నమోదుచేయవలెను. దానికి కావలసినది ధనము కాదు, ఒక కలము, కొంత నిజాయితీ. వీరులగుడికి దండము పెట్టు చేతులతో వీరుల పేరిట అబద్ధము వ్రాయకుందుము గాక!